చప్పిడి పక్షం

రోహిణి కార్తె, మొదటి రోజు

మా ఇంట్లో నన్నెవరూ చూడరు, నా చేతి కడియాన్ని చూస్తారు. అది నీలంగా వెలిగితే మనిషి నెమ్మదిగా ఉన్నట్టు, పసుపైతే చంచలంగా ఉన్నట్టు, ఎరుపైతే ఎవరినైనా పిలవాల్సినట్టు. నాది ఊహ తెలిసినప్పటి నుంచీ పసుపే. పరీక్షలో మొదటి స్థానం వచ్చిన రోజూ పసుపే, జ్వరంతో ముసుగు తన్నిన రోజూ పసుపే. అమ్మ దాన్ని చూసి చుట్టాలందరికీ ఒకటే మాట చెబుతుంది. "మా నవతకు కాలు ఒక్కకాడ నిలువది. పానం మంచిగ లేదు."

మానసిక వార్డులో మూడు వారాల పోస్టింగ్ వచ్చిందని చెబితే అమ్మ ముఖం విప్పారింది. నేను నర్సుగా వెళ్తున్నానన్న సంగతి ఆమె చెవికెక్కలేదు.

"మంచిదాయె. పనిల పనిగ నీది గూడ చూపిచ్చుకో," అంది.

ఈరోజు కంచం పక్కన తెల్ల గోలీ పెట్టింది. మేముండే ఈ బొగ్గు బాయిలో, మా లెవెల్‌లో సగం మంది వేసుకునేదే, నెమ్మది గోలీ అంటారు. మందులంటే నాకు పడక కాదు. నేను చదివేదే మందులు. నాకు లేని జబ్బుకు పెడుతున్నారని నా గొడవ. గోలీ అక్కడే వదిలి లేచాను. కడియం పసుపు. "చూసినవా," అంది అమ్మ, గోడతో.

ఈ పుస్తకం మాకు నర్సింగు పాఠాలు చెప్పే యాకూబ్ సార్ పెట్టిన పని. మిగతాదంతా కడియాలు రాసుకుంటాయి కాబట్టి, వార్డులో కంటితో చూసింది చేత్తో రాయాలట. కొట్టివేతలు ఉండొచ్చు, చింపిన కాగితాలు ఉండకూడదు.

పొద్దున అన్న భూమేష్ పైకి వెళ్లాడు. ఏటా రోహిణిలో బాయి నుంచి మూడు వందల మంది పైకెక్కి, వానలు రాకముందే ఎండపలకలు తుడిచి, వాలు మార్చి వస్తారు. మా ఫ్యాన్లు, దీపాలు, నీళ్లు అన్నీ ఆ పలకల మీదే. రోళ్లు పగిలే ఎండ. లిఫ్టు దగ్గర పెద్ద కుండ పెట్టారు. ఇంటింటివాళ్లూ ఉప్పు డబ్బా తెచ్చి అందులో బోర్లించారు. ఎండలు తాళలేక మేం కిందికి దిగిన మొదటి ఏడు ఉప్పు బండి రాలేదట. పైన పనిచేసేవాళ్లు చెమటకు ఉప్పంతా పోయి, పిక్కలు పట్టేసి, పలకల కిందే ఇరవై ముగ్గురు పోయారట. అప్పటి నుంచి పైవాళ్లు దిగేదాకా, ఈ పదిహేను రోజులూ, కిందివాళ్లం ఉప్పు ముట్టం. చప్పిడి పక్షం. నేను పుట్టకముందు నుంచీ ఉంది. అమ్మ డబ్బాను రెండుసార్లు తట్టింది, గింజ కూడా మిగలకుండా.

రోహిణి, మూడో రోజు

వార్డు ఏడో లెవెల్‌లో, పాత పంపుల గదిలో. పన్నెండు మంచాలు. గోడకు చేయి తగిలితే సున్నం అంటుతుంది, గట్టిగా తగిలితే బొగ్గు. మొదటి షిఫ్టు సైరన్‌కు దుప్పట్లు మార్చడం, జ్వరం చూడడం, బరువు తూచడం, కడియాలు తుడవడం. ఆ తర్వాత మందులు. ప్రతి మంచం పక్కనా గోడకు ఒక పెట్టె ఉంది. రోగి నిద్ర, నడక, గొంతు కడియం చూసి చెబుతుంది, దాన్నిబట్టి పెట్టె గోలీలు రాలుస్తుంది. డాక్టరు సోమవారం ఒక్కరోజు వేరే బాయి నుంచి తెర మీద కనిపించి సరే అంటాడు.

"పెట్టె ఇస్తది, మనం నోర్లు తెరిపిస్తం," అంది కరుణ సిస్టర్. వార్డు ఆమె చేతికింద నడుస్తుంది. పళ్లు కనిపించకుండా నవ్వుతుంది. ఆమె భర్త కూడా పైకి వెళ్లాడు.

నాకిచ్చిన రోగి ఓదెమ్మ. అరవై రెండేళ్లు. ఒకప్పుడు దీపాల గదిలో పనిచేసింది. షిఫ్టుకు వెళ్లే ఆరు వందల మందిలో ఎవరి టోపీ దీపం ఏ నంబరో నోటికి చెప్పేదట. జబ్బు పొంగినప్పుడు నాలుగు రోజులు కంటిమీద కునుకు లేకుండా దీపాలన్నీ వెలిగించి, "సూర్యున్ని చూపిస్త దాండ్రి" అని జనాన్ని పోగేసేది. పొంగు దిగాక నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునేది. పద్దెనిమిదేళ్లు సూదిమందు మీద ఉంచారు. అప్పుడు పొంగు ఆగింది, ఆమే ఆగిపోయింది. మెడ బిగుసుకుని, నోటి వెంట చొంగ కారుతూ, దీపం పట్టుకోలేక ఉద్యోగం మానేసింది.

పోయిన చలికాలం మా బాయికి లిథియం అనే మందు వచ్చింది. చచ్చిన బ్యాటరీల నుంచి తీసి శుద్ధిచేసినది. ఆర్నెల్లలో ఓదెమ్మ మనిషైంది. మెడ తిప్పుతుంది, తిడుతుంది, జోకులేస్తుంది. కార్తె మారి మృగశిర, అదే మిరుగు, వచ్చిన రోజు ఇంటికి పంపుతామన్నారు.

"బ్యాటరీ మింగి బతుకుతున్న బిడ్డా. లైటు వేసి సూడు, నోట్లకెల్లి వెలుగొస్తదేమో," అంది, నేను నాలుక కింద చూస్తుంటే.

నా కడియం చూసి, "పసుపా? నాకు ఎర్రదుండె. పసుపు ముత్తయిదువ రంగు, ఫికర్ చెయ్యకు," అంది.

చాయ్ సాసర్‌లో పోసుకుని తాగుతుంది. గ్లాసుతో తాగితే అది చాయ్ కాదట, మందట.

పక్క మంచం ఆమె చప్పిడి పప్పు చూసి ముఖం ముడిస్తే ఓదెమ్మ ఊరుకోలేదు. "తిను. నోటికి సప్పగున్నదని ఏడుస్తున్నవా? పైన మొగోళ్లు కాలుతుండ్రు." తర్వాత సిస్టర్ చెప్పింది. మొదటి ఏడు పోయిన ఇరవై ముగ్గురిలో ఓదెమ్మ భర్త మొగిలి ఒకడు. మర్నాడు తన ఇంటి ఉప్పు తీసుకొచ్చి లిఫ్టు దగ్గర మొదట పోసింది ఈమేనట.

రోహిణి, నాలుగో రోజు

యాకూబ్ సార్ క్లాసు వార్డు మూలనే, రోగులకు వినిపించేలా. దాపరికం ఎందుకు, వాళ్ల తలకాయల సంగతే కదా అంటాడు. సార్‌కు డెబ్బై దాటాయి. రిటైరయ్యాక కూడా పొమ్మనేవాళ్లు లేక వస్తూనే ఉన్నాడు.

మెదడు నరాల మధ్య సందును ఆయన సొరంగాలతో చెబుతాడు. ఈ సొరంగంలో ఒకడు నిలబడి చిట్టీలు విసురుతాడు, సందు దాటి అవతలి సొరంగంలో ఇంకొకడు అందుకుంటాడు. సందులో మిగిలిపోయిన చిట్టీలను విసిరినవాడే మళ్లీ ఏరుకుంటాడు. కుంగుబాటు మందుల్లో ఒక రకం ఆ ఏరుకునే చేతిని పట్టుకుంటుంది. చిట్టీ సందులో ఇంకొంచెంసేపు ఉంటుంది. ఓదెమ్మకు ఇచ్చిన పాత సూదిమందు అలా కాదు, అందుకునేవాడి చేతులే కట్టేస్తుంది. లేనిపోని కేకలు ఆగుతాయి, వాటితోపాటు నడకా బిగుసుకుంటుంది.

"మరి లిథియం ఏం చేస్తది సార్?" అన్నాను.

"అది చిట్టీ గాదు, చెయ్యి గాదు. లోపల్కి పోయి గడబిడ తగ్గిస్తది. ఎట్ల తగ్గిస్తదో పుస్తకం రాసినోనికే పూరా ఎరుక లేదు బేటా. పరీక్షల గట్ల రాస్తె మార్కులు రావు గని, అసలు ముచ్చట గదే."

ఇంకోటి చెప్పాడు. మనిషికి కాలు నిలవకపోవడానికి మూడు కారణాలు ఉండొచ్చు: జబ్బు, మందు, లేదా ఆ మనిషే అంత. మూడూ కడియం మీద ఒకటే రంగు. ఏది ఏదో తెలియాలంటే పక్కన కూర్చుని అడగాలి. నావైపు చూడకుండానే చెప్పాడు, కానీ నా కోసం చెప్పాడనే అనుకున్నాను.

క్లాసు అవుతుండగా ఓదెమ్మ చాయ్ తాగింది. సాసర్ మీద గ్లాసు పెట్టినప్పుడు టకటకమని చిన్న చప్పుడు. లిథియం మీద ఉన్నవాళ్లకు వేళ్లు సన్నగా వణకడం మామూలే. అదే రాసుకున్నాను.

రోహిణి, ఆరో రోజు

చప్పుడు పెద్దదైంది. మంచం ఇవతల నుంచే వినిపిస్తోంది. ఇది వేళ్ల వణుకు కాదు, మణికట్టు నుంచి ఊగుతోంది. చాయ్ సగం చీర మీద పోసుకుంది. నిన్నటి నుంచి నాలుగుసార్లు నీళ్ల విరేచనాలు. పొద్దున వాంతి. బాత్రూంకు నడిపిస్తే రెండు కాళ్లూ ఎడం పెట్టి, పడవలో నిలబడ్డట్టు నడిచింది.

పెట్టె తెర మీద వచ్చింది ఇది: నడక మందగించింది, మాట నెమ్మదించింది, పడకలోనే ఎక్కువసేపు ఉంటోంది, కుంగుబాటు తిరగబెడుతోంది. రోజుకు మూడు లిథియం గోలీల చోట నాలుగు రాల్చింది.

"సిస్టర్, ఇది కుంగుబాటు లెక్క లేదు. చేతులు చూడండి."

"ఉక్కపోత. ఈ కార్తెల అందరికీ కడుపులు ఖరాబే. పెట్టె చూసుకుంటది." ఆమె కళ్ల కింద వాపు. రెండు షిఫ్టులు వరసగా చేస్తోంది. ఆమెకంటే మంచి మనిషి ఈ లెవెల్‌లో లేదు, ఆమెకు నిలబడే ఓపిక లేదు. అయినా నా మాటమీద డాక్టరుకు చీటీ పంపింది. జవాబు పెట్టె నుంచే వచ్చింది: సోమవారం చూస్తారు.

ఓదెమ్మ నా చేయి పట్టుకుని లాగింది. మాట ముద్దగా వస్తోంది. "చెప్పకు బిడ్డా. వణుకుతున్నదని చెప్తె మల్ల సూదులకు పెడ్తరు. పద్దెనిమిదేండ్లు బొమ్మ లెక్క కూసున్న. మిరుగు దినం ఇంటికి పోత."

నాలుగో గోలీ ఆమె నోట్లో వేసింది నేనే. నాలుక కింద చూసి, మింగిందని రాసింది కూడా నేనే.

రోహిణి, ఏడో రోజు

ఇంట్లో చప్పిడి పప్పు. అమ్మ తన నడుం తడుముకుంటూ అంది, "ఉప్పు మానితె ఒంట్లె నీరు నిలువది. పక్షం అయ్యేసరికి అందరి చీరలు వదులైతయి."

ముద్ద నోట్లో అలాగే ఆగిపోయింది.

లిథియం మీద ఉన్న రోగికి ఆహారంలో ఉప్పు మారకుండా చూడాలి. రెండు మార్కుల ప్రశ్న. నేను రాశాను, రెండుకు రెండు వచ్చాయి. మా బ్యాచ్‌లో అందరూ రాశారు. అది రాసిన చేత్తోనే నాలుగు రోజులుగా ఆమెకు చప్పిడి అంబలి తాగిస్తున్నాను. కరుణ సిస్టర్ చదివింది, డాక్టరు చదివాడు. ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే చప్పిడి మాకు తిండి కిందికి రాదు. అది భక్తి. భక్తిని ఎవరూ ఆహార పట్టికలో రాయరు.

సంగతి చాలా చిన్నది. లిథియం ఉప్పుకు చెల్లెలి లాంటిది, దాని పోలికే. ఒంట్లో ఉప్పు తక్కువైతే మూత్రపిండం పిసినారి అవుతుంది. పోయేదాన్ని పోనీయకుండా, ఉప్పులా కనిపించిందల్లా వెనక్కి లాక్కుంటుంది. ఉప్పు అనుకుని లిథియాన్నీ లాక్కుంటుంది. రోజూ వేసే మోతాదే లోపల పేరుకుని విషమవుతుంది. విరేచనాలతో ఉన్న కాస్త ఉప్పూ పోతుంది, ఇంకా పేరుకుంటుంది. దాని మీద పెట్టె ఇంకో గోలీ వేసింది.

చేయి కడుక్కుని లేచాను. "అగో, తినకుంటనే లేచింది," అంది అమ్మ.

వార్డుకు వెళ్లేసరికి సాయంత్రం మందులు అయిపోయాయి. పెట్టె నాలుగూ రాల్చింది.

రోహిణి, ఎనిమిదో రోజు

మోతాదు ఆపాలంటే పెట్టెకు అంకె కావాలి. రక్తంలో లిథియం ఎంతుందో చెప్పే యంత్రం ఒక్కటే ఉంది, మంట మీద పనిచేస్తుంది. బొగ్గు బాయిలో గ్యాసు ఉంటుంది, మంట వెలిగిస్తే అందరం పోతాం. అందుకని యంత్రం పైన, లిఫ్టు పక్క రేకుల గదిలో ఉంది. చలికాలంలో అయితే నెలకోసారి రక్తాలు పైకి వెళ్లేవి. రోహిణిలో ఎవరూ తీసుకెళ్లరు.

సాయంత్రం మందుకు పన్నెండు గంటలు నిండాక, పొద్దుటి గోలీకి ముందు రక్తం తీశాను. ఆ గోలీ పెట్టెలోంచి రాలింది. ఆమె నోట్లో వేయలేదు, జేబులో వేసుకున్నాను. సిస్టర్ చూసింది.

"ఏం చేస్తున్నవ్ నవతా?"

"ఉప్పు వల్ల అయింది సిస్టర్. చప్పిడి వల్ల."

ఆమె చుట్టూ చూసింది. "ఉప్పు మాట ఈ పదిహేను రోజులు నోట్ల పెట్టకు. నా పెనిమిటి పైన ఉండు." నా చేతిలోని రక్తం సీసా వైపు చూసి, "పోతె జల్ది పోయి రా," అంది.

యాకూబ్ సార్ తెల్ల గుడ్డ తలకు చుట్టుకుని నాకంటే ముందే లిఫ్టులో నిలబడ్డాడు. "ఆ మిషన్ నా మాట తప్ప వినది. చావొస్తె ఆడనే వస్తది, నడువ్," అన్నాడు.

పైన కడియం తీసి డబ్బాలో వేయమన్నారు. ఎండకు అవి పనిచేయవు. మణికట్టు మీద తెల్లటి చార తప్ప ఏమీ లేదు. కళ్లు తెరవలేకపోయాను. వెలుతురు కాదది, ముఖానికి అడ్డంగా పెట్టిన వేడి పెనం. పలకలు కొండ దాకా పరుచుకుని ఉన్నాయి, వాటి మధ్య తెల్లగుడ్డల మనుషులు చీమల్లా కదులుతున్నారు.

సార్ మంట వెలిగించాడు. నీలంగా సన్నగా నిలబడింది. కిందనే వేరుచేసి తెచ్చిన రక్తపు తేటను నీళ్లలో కలిపి పీల్చుకునే గొట్టం కింద పెట్టాడు. మంట ఒక్కసారిగా పసుపైంది.

"గది ఉప్పు. ఉప్పు ఉన్నకాడ ఇంకేం కనవడది." ముందు ఎర్రటి అద్దం దించాడు. పసుపు మాయమైంది. అద్దం వెనక కుంకుమ లాంటి ఎరుపు. ముల్లు కదిలి ఆగింది. రెండు పాయింట్ ఒకటి. ఒకటిన్నర దాటితే విషం.

సార్ నిదానంగా మంట ఆర్పాడు. "ఇంకో రెండు దినాలు గడిస్తె ఫిట్స్ వచ్చు. మల్ల లేవకపోవు," అన్నాడు.

గది బయట భూమేష్ కనిపించాడు. పెదాలు పగిలి ఉన్నాయి, కానీ కులాసాగానే ఉన్నాడు. "ఏందే, కడియం లేకుంట మనిషి లెక్క ఉన్నవ్," అన్నాడు. వాడి వెనక పలకల కాళ్ల దగ్గర గోనెసంచులు, గాలికి ఎగరకుండా బరువుకు పెట్టినవి. ఒకటి చిరిగి తెల్లగా కారుతోంది.

"ఏంటివి అన్నా?"

"ఉప్పు. పోయినేటిది. గదుల్ల ముందటేటిది గూడ ఉన్నది." తల గోక్కున్నాడు. "మాకు ఇప్పుడు ఉప్పు గోలీలు ఇస్తరు, బండ్లు సక్కగనే వస్తున్నయ్. ఇంత ఉప్పు ఏం చేసుకుంటం?"

"అమ్మకు చెప్పలేదా?"

"ఒకపారి చెప్పిన. ఏడ్చింది. మల్ల చెప్పలె."

రోహిణి, తొమ్మిదో రోజు

నిన్న రాయకుండా మిగిలింది ఇది. అంకె రాసిన కాగితం కరుణ సిస్టర్ రెండుసార్లు చదివింది. మెడలోని తాళంచెవి తీసి, ఓదెమ్మ పెట్టె తెరిచి, మోతాదు సున్నాకు తిప్పింది. పెట్టె కూతపెట్టింది. "అరుసుకో," అంది దానితో. తర్వాత నాతో, "ఈ తాళం నా మెడలనే ఉన్నదని ఆర్నెల్లల్ల మర్చిపోయిన," అంది. లిథియం మీద ఉన్న మిగతా ఇద్దరికీ రక్తం తీయమంది. సార్ మళ్లీ పైకి వెళ్లొచ్చాడు. ఒకరిది ఒకటి పాయింట్ నాలుగు, ఒకరిది ఒకటి పాయింట్ మూడు. విషం గీత దాటలేదు, కానీ దాని అంచునే ఉన్నాయి. వాళ్లకూ ఆపింది.

ఓదెమ్మకు సెలైన్ ఎక్కించాలి. సెలైన్ అంటే ఉప్పునీళ్లే. సూది గుచ్చుతుంటే ఆమె కళ్లు సగం తెరిచింది. ఇది ఏ ఊరని అడిగింది. మొగిలి షిఫ్టు దిగిండా అని అడిగింది. తర్వాత బాటిల్ వైపు చూసింది.

"గులుకోజా?"

"గ్లూకోజే, ఓదెమ్మా."

ముప్పై ఒక్క ఏళ్లుగా రోహిణిలో ఉప్పు ముట్టని మనిషి నరంలోకి ఉప్పు ఎక్కిస్తూ అబద్ధం చెప్పాను. అప్పుడామె తెలివిలో లేదు, అడిగినా లాభం లేదు. ఇవన్నీ నిజాలే. అబద్ధం కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

రోహిణి, పదకొండో రోజు

ఓదెమ్మకు వాంతులు ఆగాయి. అంకె సున్నా పాయింట్ తొమ్మిది. సోమవారం డాక్టరు తెర మీద అంకెలు చూసి, "మంచి పని చేశారు," అని పెట్టెతో అన్నాడు.

నాకు ఒళ్లంతా నొప్పులు. కుర్చీలో కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు. కడియం మాత్రం పసుపే.

రోహిణి, పన్నెండో రోజు

ఓదెమ్మ లేచి కూర్చుంది. చాయ్ అడిగింది. సాసర్‌లో పోసుకుని తాగింది, చుక్క ఒలకలేదు. తర్వాత కళ్లు చిట్లించి, కొక్కేనికి వేలాడుతున్న ఖాళీ బాటిల్ మీది అక్షరాలు చదివింది. దీపాల మీద నంబర్లు చదివిన కళ్లు.

"నవతా. గులుకోజ్ అంటివి."

"అన్నాను."

"ఉప్పునీళ్లు ఎక్కిచ్చినవ్."

"అవును."

"నేను తెలివిల ఉన్నప్పుడు అడిగితె ఏమందునో నీకెరుక."

"వద్దందువు. అప్పుడు తెలివిలో లేవు. ఇప్పుడున్నావు, అందుకే ఇప్పుడు అడుగుతున్నా." అంతా చెప్పాను. మూత్రపిండం, చెల్లెలు, మంట, ఎర్ర అద్దం. రోహిణిలో ఉప్పు మానితే లిథియం పనికిరాదు, లిథియం మానితే మళ్లీ సూదులు. పైన సంచుల సంగతి కూడా చెప్పాను. దాచడం ఒక్కసారి చాలు.

ఓదెమ్మ దుప్పటి అంచును మడత మీద మడత పెట్టింది.

"మొగిలి పిక్కలు పట్టుకొని ఒర్రిండట. ఉప్పు గావాలన్నడట. పక్కపొంటి ఉన్నోడు దిగినంక చెప్పిండు," అంది. "గా ముచ్చట యాదికున్నన్ని దినాలు నా నోటికి ఉప్పు సహించది."

"సూదులప్పుడు ఆయన యాదికుండెనా?"

నన్ను కొడుతుందేమో అనుకున్నాను. నవ్వింది, పళ్లు లేని పక్క నుంచి.

"లేకుండె. సూదులల్ల నా పేరే యాదికి లేకుండె." సాసర్ నా చేతిలో పెట్టింది. "ఒక్క మాట. దొంగతనంగ తినను. అందరు తినే కాడ, క్యాంటీన్ల, బంతిల కూసోని తింట. ఒక్కదాన్ని తినను. నువ్వు నా పక్కన కూసోని ముందుగాల తినాలె. నీ అన్న పైన ఉండంగనే. తింటవా?"

జవాబు రేపు చెబుతానన్నాను. ఆ మాటకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చేసరికి వార్డులో ఉప్పు ముట్టారన్న కబురు మా లెవెల్ దాకా పాకింది. అమ్మ గడపలోనే అందుకుంది.

"అన్న మీద నిప్పులు గురుస్తుంటె మీకు ఉప్పు గావాల్నా? పైకి పోయి దీపం లెక్క కాలుతున్న పోరన్ని చూసి వచ్చినవ్, ఇదేనా నువ్వు తెచ్చింది?"

"అన్న దగ్గర ఉప్పు సంచులు కుప్పలున్నయ్ అమ్మా. పోయినేటివి. పలకలకు బరువు పెట్టిండ్రు."

"నాకెరుకనే."

గడప దాటి లోపలికి వచ్చి తలుపు వేశాను.

"ఐదేండ్ల సంది ఎరుక. వాడు చెప్పకముందే కరుణ పెనిమిటి చెప్పిండు." అమ్మ ఖాళీ ఉప్పు డబ్బా తీసి, ఒట్టిగానే తుడవడం మొదలుపెట్టింది. "వానికి చేరుతదని పోస్తున్ననా? పదిహేను దినాలు ఈడ సల్లగ కూసోని వానికోసం నేనేం చెయ్య? చెప్పు. చదువుకున్నవ్ గద, చెప్పు."

చప్పిడి తిండి అమ్మ మందు. అది ఆమెకు పనిచేస్తోంది. మోతాదు కూడా ఆమెకు సరిపోయింది. అదే మోతాదు ఓదెమ్మను చంపబోయింది. రెండూ ఒకే బాయిలో, ఒకే పక్షంలో నిజం.

అమ్మ గోలీని నా కంచం పక్కకు జరిపింది. "కోపం గాదే. నీకు తెలుస్తలేదు. ఇది నువ్వు మాట్లాడుతలేవు, నీ పానం మాట్లాడుతున్నది. గిది వేసుకొని పండు, రేప్పొద్దుగాల గిసోంటి ఆలోచనలు రావు."

మళ్లీ నా మణికట్టే చూసింది. నేను కూడా చూసుకున్నాను. పసుపు. పైన దాన్ని తీసినప్పుడు నేను ఇంతే ఉన్నాను. ఇవే కాళ్లు, ఇవే ఆలోచనలు.

అన్నం తిన్నాను, చప్పిడిదే, అమ్మ ఎదురుగా. ఆమె చేతి వంట తప్పు కాదు.

సార్ ఈ పుస్తకం రేపు తీసుకుంటాడు. గ్లూకోజు అన్న అబద్ధం తొమ్మిదో రోజు కింద ఉంది, జేబులో వేసుకున్న గోలీ ఎనిమిదో రోజు కింద ఉంది. కాగితాలు చింపలేదు.

రేపు మధ్యాహ్నం, అన్ని లెవెళ్లవాళ్లూ కలిసి తినే క్యాంటీన్‌లో బంతిలో కూర్చుని, ఓదెమ్మ చూస్తుండగా, ఉప్పు వేసిన అంబలి ముందు నేను తాగుతాను. అన్న పైనే ఉంటాడు, అమ్మ ఎదుటి వరసలో ఉంటుంది. లిథియం మీద ఉన్న ముగ్గురికీ ఈ రోహిణిలోనూ వచ్చే రోహిణిలోనూ ఉప్పు నేనే వేస్తాను, చెప్పి వేస్తాను. గోలీ వేసుకోను.